మొక్కు లేని నడక



జాతీయ ఉద్యానవనం అనే మాట వినగానే మనలో చాలామందికి కళ్ళముందు ఏం కనిపిస్తుంది? పచ్చగడ్డి, గులాబి మొక్కలు, కూర్చోవడానికి సిమెంటు బల్లలు, గేటు దగ్గర వేరుసెనక్కాయల బండి. ఉద్యానవనం అంటే మనకు తెలిసింది అంతే గనుక అలా అనుకోవడం సహజమే. నేను ఇవాళ చెప్పబోయే ఉద్యానవనంలో పాదు చేసి పెంచిన మొక్క ఒక్కటీ ఉండదు. అది 353 చదరపు కిలోమీటర్ల కొండా, అడివీ. దాని పేరు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. తిరుపతి కొండల్ని చుట్టుకుని ఉన్న ఆ అడివిని 1989లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆ అడివిలోనే తలకోన జలపాతం ఉంది. అక్కడికి నడిచి వెళ్ళడం గురించే ఈ ప్రసంగం.

ముందు ఆ మాటకు అర్థం చెప్పుకుందాం. అభయారణ్యం వేరు, జాతీయ ఉద్యానవనం వేరు. అభయారణ్యంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు కొన్ని హక్కులు ఉండనిస్తారు. అధికారులు ఒప్పుకుంటే పశువుల్ని మేపుకోవచ్చు కూడాను. జాతీయ ఉద్యానవనంలో అదీ కుదరదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ పశువుల మేతకు వీల్లేదు, కట్టెలు కొట్టడానికి వీల్లేదు. మన ఇంట్లో దేవుడి గది ఎలాంటిదో దేశానికి ఆ అడివి అలాంటిదన్నమాట. ప్రపంచంలో మొట్టమొదటిది అమెరికాలో 1872లో పెట్టిన ఎల్లోస్టోన్. మన దేశంలో మొదటిది 1936లో హిమాలయాల దిగువన వచ్చింది. దాన్నే ఇప్పుడు జిమ్ కార్బెట్ పేరుతో పిలుస్తున్నారు.

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో అలాంటిది లేదు. మనకున్నవి నల్లరేగడి చేలు, పత్తి, మిరప, పొగాకు. జలపాతం చూడాలంటే మాచర్ల దాటి ఎత్తిపోతలకు వెళ్తాం. చంద్రవంక నీళ్ళు డెబ్భై అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే ఎదురుగా గట్టుమీద కటకటాలు పట్టుకుని నిలబడి చూస్తాం, ఫొటో తీయించుకుంటాం, నాగార్జునసాగర్ వెళ్ళే బస్సెక్కేస్తాం. అదీ చూడదగ్గదే, కాదనను. అయితే అక్కడ జలపాతానికీ మనకూ మధ్య ఒక లోయ ఉంటుంది. కాళ్ళకు పని ఉండదు. తలకోన అలాంటిది కాదు. అక్కడ బండి ఆగిన తరవాత కాళ్ళు కదిపితేనే నీళ్ళు కనిపిస్తాయి.

కాళ్ళు కదపడం మనకు కొత్తా? కాదు. మన ఆడవాళ్ళంత నడిచేవాళ్ళు ఉన్నారా? అలిపిరినుంచి 3550 మెట్లు ఎక్కి తిరుమల చేరేవాళ్ళలో మన జిల్లాలవాళ్ళు ఎంతమందో. మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతూ వంగి లేచి ఎక్కినవాళ్ళూ ఉన్నారు. కోటప్పకొండ మెట్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని ఎక్కాం. శివరాత్రికి నల్లమలలోంచి శ్రీశైలం నడిచి వెళ్ళిన అమ్మమ్మల కథలు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నాయి. అంటే మనకు ఓపిక లేక కాదు. మన నడకకు ఒక మొక్కు తోడుండాలి. మొక్కు ఉంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. ఉత్తినే అడివి చూసి వస్తానంటే మాత్రం అందరూ మొహాలు చూసుకుంటారు.

మా ఇంట్లోనూ అంతే. రెండేళ్ళ కిందట డిసెంబరులో తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాం. నేనూ, ఒంగోలులో ఉండే మా తోటికోడలూ, మా ఆడపడుచూ, పక్కింటి పిన్నిగారూ, నలుగురం ఆడవాళ్ళమే. దర్శనం అయ్యాక ఇంకొక్క రోజు ఉండి తలకోన చూసి వస్తామన్నాను. మా అత్తగారు పప్పు ఏరుతూ తల పైకెత్తకుండానే అడిగారు, "ఏమ్మా, అక్కడ మొక్కేమన్నా ఉందా?" లేదత్తయ్యా, జలపాతం ఉందన్నాను. "నీళ్ళు చూడ్డానికి అంతదూరమా? మన కాలవలో లేవా నీళ్ళు?" అన్నారు. మావారు పేపరు మడిచి, "అక్కడ సిద్ధేశ్వరస్వామి గుడి ఉందిటలే అమ్మా" అని సర్దిచెప్పారు. అంతే, సమస్య తీరిపోయింది. గుడి ఉండడం నిజమే. అయినా గుడి పేరు చెబితేగాని మనకు ప్రయాణం దొరకలేదన్న సంగతి నా మనసులో ఉండిపోయింది. ఇవాళ మీతో మాట్లాడాలనిపించింది కూడా అందుకే.

ఇక దారి సంగతి. తిరుపతినుంచి చంద్రగిరి, భాకరాపేట మీదుగా నెరబైలు దాకా వెళ్ళి అక్కడినుంచి అడివిలోకి తిరగాలి. మొత్తం యాభై, అరవై కిలోమీటర్లు ఉంటుంది. బస్సులమీద ఆధారపడితే టైము చాలదు. నలుగురైదుగురు కలిసి రానూపోనూ బండి మాట్లాడుకోవడమే మంచిది. భాకరాపేట కనుమ దాటేసరికి గాలి మారిపోతుంది. మిరపకాయల కాలంలో మన గుంటూరు గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, యార్డు వైపునుంచి వీచిందంటే వీధివీధంతా తుమ్ములే. అలాంటి గాలి పీల్చే ముక్కుకు ఆ కనుమ గాలి తడిమట్టి వాసనా, ఆకు వాసనా కలిపి మందులా తగిలింది.

కోన అంటే కొండల నడుమ ఇరుకైన లోయ. మన వైపు భైరవకోన ఉందిగా, ఆ కోనే ఇదీను. శేషాచలం కొండలకు తలవంటిది గనుక తలకోన అని పేరొచ్చిందంటారు. అడివిశాఖవాళ్ళ గేటు దగ్గర రుసుము కట్టి లోపలికి వెళ్తే సిద్ధేశ్వరస్వామి గుడి వస్తుంది. అక్కడినుంచి జలపాతానికి నడక. కొంతదూరం మెట్లు, కొంతదూరం రాళ్ళదారి. అలవాటున్న కుర్రాళ్ళు పావుగంటలో పరిగెడతారు. మేము ఆగుతూ, చూస్తూ, పిన్నిగారి మోకాళ్ళను తలుచుకుంటూ వెళ్ళాం గనుక మాకు గంట దగ్గర పట్టింది. ఆవిడకు అరవై దాటాయి. ఆవిడ ఎక్కారంటే మీరందరూ ఎక్కగలరని ధైర్యంగా చెబుతున్నాను.

దారి చూపించడానికి ఆ పక్క ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకున్నాం. నలుగురు ఆడవాళ్ళు కలిస్తే కబుర్లకు కొదవేముంది? మా ఆడపడుచు తన మరిది పెళ్ళి సంగతులు మొదలుపెట్టింది. కాసేపు విని ఆ కుర్రాడు వెనక్కి తిరిగి, "సద్దు చెయ్యకుండా రాండమ్మా, కనపడేటివి కనపడతాయి" అన్నాడు. మందలించినట్టు కాదు, మెత్తగానే అన్నాడు. మేము మాట ఆపిన రెండు నిమిషాలకు పైన కొమ్మల్లో ఏదో కదిలింది. బెట్లుడుత. మన పెరట్లో జామచెట్టెక్కే ఉడతకు ఇది పెద్దన్నయ్య లాంటిది, తోకతో కలిపి చూస్తే మూరన్నర పైమాటే. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక. ఒక చెట్టుమీదినుంచి ఇంకో చెట్టుమీదికి గెంతి వెళ్ళిపోయింది. మేము పెళ్ళికబుర్లలో ఉండుంటే దాన్ని చూసేవాళ్ళమే కాదు.

ఆ అడివిలో దేవాంగపిల్లి ఉంటుంది, రాత్రిపూట తిరిగే చిన్న జీవి. గుండ్రటి పెద్ద కళ్ళతో పసిపిల్లలా చూస్తుందంటారు. తిరుమల కొండల్లో అందరూ చెప్పుకునే బంగారుబల్లి కూడా ఈ కొండల రాళ్ళ సందుల్లోదే. ఇవి పగటిపూట మనకు కనపడాలని లేదు. మనం నడిచే దారి పక్కనే వాటి కాపురాలున్నాయని తెలిస్తే చాలు, అడుగు జాగ్రత్తగా పడుతుంది.

చెట్లలో ముందుగా చెప్పుకోవలసింది ఎర్రచందనం. మనకు దీనితో చిన్ననాటినుంచీ పరిచయమే. తిరుపతినుంచి తెచ్చిన చెక్కబొమ్మల జంట బొమ్మలకొలువులో లేని ఇల్లు మన వైపు అరుదు. దెబ్బ తగిలి వాస్తే ఆ చెక్క సాన మీద అరగదీసి గంధం పట్టించేవారు మా అమ్మమ్మ. ఆ చెట్టు సహజంగా పెరిగేది ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల కొండల్లోనే. ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా అడివిగా పెరగదు. అందుకే దానికి పైదేశాల్లో అంత ధర. ధర ఉన్నచోట దొంగతనం ఉంటుంది. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలం అడివిలోనే, ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడునుంచి వచ్చిన కూలివాళ్ళు. చెట్టు నరికించి సొమ్ము చేసుకునేవాళ్ళు వేరే ఎక్కడో ఉంటారు, ప్రాణం పోయేది కూలివాడికి, తాళి తెగేది వాడి భార్యకు. ప్రశాంతంగా కనిపించే అడివిలో ఇంత జరిగిందని తెలుసుకునే నడవాలి. ఆ చెట్టు బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. లోపలి ఎరుపు బయటికి కనిపించదు. మా తోటికోడలు చేత్తో తడిమి, "ఇదా అక్కయ్యా, ఇంత గొడవకు కారణం!" అంది.

ఇంకో వింత గిల్లతీగ. తీగ అంటే పందిరిమీది చిక్కుడుతీగ అనుకునేరు. అది మనిషి నడుమంత లావుతో కొండచిలువలా చెట్టునుంచి చెట్టుకు పాకిపోతుంది. మొదలెక్కడో చివరెక్కడో చూసేవాళ్ళకు తెలియదు. దాని కాయ గజం పొడుగు ఉంటుంది, మన చింతకాయను పదింతలు సాగదీసినట్టు. లోపలి గింజలు అరచేతిలో పట్టేంత బిళ్ళలు. రాలిన గింజ ఒకటి కనపడితే మా ఆడపడుచు ముచ్చటపడి చేతిలోకి తీసుకుంది. "ఆడనే పెట్టేయండమ్మా" అన్నాడు కుర్రాడు. ఇందాక చెప్పానే, జాతీయ ఉద్యానవనంలోంచి పుల్ల కూడా తేకూడదని. పెట్టేసింది.

చప్పుడు ముందు వినిపిస్తుంది, తరవాత నీళ్ళు కనిపిస్తాయి. మొదట దూరంగా వాన పడుతున్నట్టనిపించింది. మలుపు తిరిగాక నిలువునా ఎర్రటి రాతిగోడ, దానిమీదినుంచి తెల్లగా దిగుతున్న ధార. ఎత్తు 270 అడుగులు. ఎత్తిపోతలకు నాలుగింతలకు కొంచెం తక్కువ. అంత ఎత్తునుంచి వచ్చే నీరు కిందికి చేరేసరికి సగం తుంపర అయిపోతుంది. ఆ తుంపర మొహాన పడుతుంటే ఎవరికీ మాట రాలేదు.

ఇన్ని నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? నేను తిరిగొచ్చాక తెలిసినవాళ్ళను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది చెబుతాను. ఆ కొండల పైభాగంలో ఉన్న రాయి ఒకప్పటి ఇసుక. కోట్ల ఏళ్ళు గట్టిపడి రాయైంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట ఈ రాయీ, దాని కిందున్న మరింత పాతరాయీ ఒకదానిమీద ఒకటి కూర్చున్నట్టు స్పష్టంగా కనిపిస్తాయి. పైరాయి వయసు సుమారు 160 కోట్ల సంవత్సరాలని లెక్క కట్టారు. ఆ చోటును దేశం దాచుకోవలసిన భూగర్భ సంపదగా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మనం ఎన్నిసార్లో ఆ పక్కనుంచి గోవిందా అనుకుంటూ వెళ్ళాం. ఆ పైరాయి నిండా పగుళ్ళు. వర్షం పడితే నీరు ముందు చెట్లకింది ఎండాకుల పరుపులోకి, వేళ్ళలోకి ఇంకి, అక్కడినుంచి పగుళ్ళలోకి దిగుతుంది. పాతకాలపు మూడు కుండల వడపోత మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పైకుండలో బొగ్గులు, నడిమి కుండలో ఇసుక, కింది కుండలో మంచినీళ్ళు. పైన ఒక్కసారిగా పోసినా కింద చుక్కచుక్కగానే దిగుతుంది కదా. కొండ కూడా ఆ పనే చేస్తుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పడ్డ వానను దాచి ఊటలుగా మెల్లమెల్లగా వదులుతుంది. వేసవిలో ధార సన్నబడుతుంది.

దీన్ని మన పక్క వాగులతో పోల్చి చూడండి. ప్రకాశం జిల్లాలో బోడికొండల దిగువన ఉన్న వాగులు వానొచ్చిన రోజు ఊళ్ళు ముంచుతాయి, వారం తిరిగేసరికి ఇసుక తేలుతుంది. అక్కడా వాన పడుతుంది, ఇక్కడా పడుతుంది. అక్కడ కొండమీద చెట్టు లేదు, నీళ్ళను పట్టి ఉంచేవాళ్ళు లేరు. కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. భూమిలో లోతుకు వెళ్ళి తోడుకునే నీళ్ళకూ, అడివి వడపోసి ఇచ్చే నీళ్ళకూ ఎంత తేడా ఉందో ఆ ఇళ్ళల్లో బిందె మోసే ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి విన్నాక నాకు ఒళ్ళు పులకరించింది. తిరుమల కొండమీద మనం తాగే నీళ్ళూ, స్నానం చేసే నీళ్ళూ ఎక్కడివనుకున్నారు? గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార అని కొండమీద కట్టిన ఆనకట్టల నీళ్ళు. ఆ ఆనకట్టలు నిండేది ఈ అడివిమీద పడ్డ వానతోనే. అంటే తిరుపతి వెళ్ళిన ప్రతి ఆడమనిషీ ఈ అడివి నీళ్ళు తాగి వచ్చిందే. తీర్థం అనుకుని కళ్ళకద్దుకున్నాం. దాన్ని ఇచ్చిన అడివిని మాత్రం బస్సు కిటికీలోంచి కూడా సరిగా చూడలేదు. అత్తగారు మొక్కుందా అని అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఆ నీళ్ళు తాగాం కదా, అవి వచ్చే చోటు చూసి దణ్ణం పెట్టుకు రావడం మొక్కుకంటే తక్కువేం కాదు.

జలపాతం ముందు మేము రాళ్ళమీద కూర్చున్నాం. ఆదివారం కాదు, సెలవు రోజు కాదు, కావాలనే బుధవారం వెళ్ళాం గనుక జనం పలచగా ఉన్నారు. పిన్నిగారు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, లోతులేని చోట కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చున్నారు. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. కుక్కరు విజిలు లేదు, మిక్సీ లేదు, టీవీ లేదు, కాలింగ్ బెల్లు లేదు. ఎంతసేపయిందో తెలియదు. చివరికి ఆవిడే అన్నారు, "ఇంతసేపూ నన్నెవరూ పిలవలేదే!"

మేము నవ్వాం. నవ్వి ఊరుకున్నాంగానీ నలుగురికీ ఆ మాట గుచ్చుకుంది. పెళ్ళయి నలభై అయిదేళ్ళట. నా కళ్ళజోడేదీ, నా చొక్కా ఏదీ, అమ్మా ఆకలి, మామ్మా బొమ్మ, ఏమండీ పాలవాడొచ్చాడు. ఇంట్లో మన పేరుతో పిలిచేవాళ్ళు తక్కువైనా పిలుపులకు కొదవ లేదు. గుడికి వెళ్ళినా క్యూలో పిల్లల్ని పట్టుకోవాలి, ప్రసాదం పంచాలి, ఎవరెవరి పేర్లమీద అర్చన చేయించాలో గుర్తుపెట్టుకోవాలి. ఏ పనీ అప్పగించకుండా మనల్ని కూర్చోనిచ్చే చోటు చాలా అరుదు. మొక్కు లేని నడక కావాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. దేవుణ్ణి తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. మొక్కు చెల్లించడం కూడా ఇంటివాళ్ళందరి కోసం మనం చేసే పనే. ఏడాదికి ఒక్కరోజైనా పని కానిది ఒకటి చెయ్యాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఇవి కాస్త శ్రద్ధగా వినండి.

మొదటిది నీటి గుండాలు. పైకి ప్రశాంతంగా కనపడే మడుగు ఎంత లోతో చూసి చెప్పలేం. అడుగున రాళ్ళు ఉంటాయి. ఈత వచ్చిన కుర్రాళ్ళు పైనుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు తలకోనలో జరిగాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందే గట్టిగా చెప్పండి, కాళ్ళు తడుపుకోవడం వరకే. పాచిపట్టిన రాయిమీద అడుగు వెయ్యకండి. భారీ వర్షాలప్పుడు అడివిశాఖవాళ్ళు దారి మూసేస్తారు. అంతదూరం వచ్చాం, ఒక్కసారి వదలండని బతిమాలకండి. కొండమీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీరు ఉన్నపళంగా పెరుగుతుంది.

రెండోది వేళ. ఉదయం వెళ్ళి మూడు, నాలుగు గంటలకల్లా బయటపడాలి. ఏనుగులు 1980లలో చిత్తూరు ప్రాంతపు అడివుల్లోకి పొరుగు రాష్ట్రాలనుంచి వచ్చి చేరాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు, తలకోన గుడికని గుండాలకోన అడివిదారిన చీకట్లో నడుస్తున్న భక్తులమీద ఏనుగులు పడితే కొందరు చనిపోయారు. భక్తి ఉన్నంతమాత్రాన అడివికి మనం ఎవరో తెలియదు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ మెట్లూ ఈ అడివిలోవే. పిల్లల్ని ముందుకు పరిగెత్తనివ్వకండి, వెనకబడనివ్వకండి, చెయ్యి వదలకండి. దారి తప్పి అడ్డదారుల్లోకి వెళ్ళకండి. అక్కడివాడు ఒకడు వెంట ఉండడం ఎంతైనా మేలు.

మూడోది కట్టూబొట్టూ, తిండి. పట్టుచీరలు తిరుమలలోనే మడతపెట్టేయండి. నూలుచీర పొట్టిగా కట్టుకున్నా సరే, పంజాబీ డ్రస్సయినా సరే. కాలికి జారని చెప్పులో, క్యాన్వాసు బూట్లో ఉండాలి. నగలు వద్దు. పులిహోర, దద్దోజనం స్టీలు క్యారియర్లో పెట్టుకోండి, మూత బిగుతుగా ఉండాలి. అక్కడి కోతులు మన వంటకు మనకంటే ముందు రుచి చూస్తాయి. చేతిసంచీ ఊపుకుంటూ నడిచారంటే సంచీ వాటిదే. వాటికి పెట్టకండి కూడాను. అరటిపండు ఇచ్చి పుణ్యం అనుకుంటాం, అది రేపు ఇంకో ఇల్లాలి చేతిలోది లాక్కోవడం నేర్చుకుంటుంది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైంది. మనం తీసుకెళ్ళిన ప్రతి వస్తువూ వెనక్కి తేవాలి. నీళ్ళసీసా, చిప్సు కాగితం, పాలిథిన్ కవరు, షాంపూ పొట్లం. షాంపూ పొట్లం ఎందుకంటారా? జలపాతం కింద తలంటుకునేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఆ నురగ ఎవరి నోట్లోకి వెళ్తుంది? దిగువన తాగే జింక నోట్లోకి, పశువు నోట్లోకి, ఊరి బిందెలోకి. తిరుమల కొండమీద ప్లాస్టిక్కును 2022లో గట్టిగా నిషేధించారు. ఆ నియమం కొండమీద పాటించినవాళ్ళం కొండ వెనక ఎందుకు పాటించకూడదు? మా తోటికోడలు ఒక గుడ్డసంచి ప్రత్యేకంగా తెచ్చింది. మా చెత్తతోపాటు దారిలో కనపడ్డ ఇతరుల సీసాలు కూడా ఏరి అందులో వేసింది. "ఇంట్లో చేసేదేగా వదినా, ఇక్కడ కొత్తేముంది" అని మా ఆడపడుచు వేళాకోళం ఆడింది. నిజమే, కొత్తేం కాదు. ఇల్లు శుభ్రంగా ఉంచడం మనకు ఒకరు నేర్పాలా? ఆ పాటి శ్రద్ధ అడివిమీద పెడితే చాలు.

చప్పుడు కూడా చెత్తే. కొందరు పాటలపెట్టెలు మోసుకొచ్చి కోనంతా మారుమోగిస్తారు. నీటిచప్పుడు వినడానికి వచ్చినవాళ్ళకు సినిమాపాట వినిపిస్తారు. పిట్టలు ఆ చుట్టుపక్కలే వాలవు. మన పిల్లలు అలా చెయ్యబోతే మనమే ఆపాలి. సద్దు చెయ్యకుండా ఉంటే కనపడేవి కనపడతాయన్న ఆ కుర్రాడి మాట వాళ్ళకూ చెప్పాలి.

తలకోన దూరమైతే మన భైరవకోనకే వెళ్ళండి. చంద్రశేఖరపురం దాటి కొండల్లో ఉంది. ఒకే కొండ తొలిచి చేసిన ఎనిమిది శివాలయాల గుహలు, పక్కన కొండమీదినుంచి పడే ధార. కార్తీకంలో జనం విరగబడతారు గనుక అది దాటాక వెళ్తే గుహలూ, నీళ్ళూ రెండూ తీరిగ్గా చూడొచ్చు. ఏ కోనకు వెళ్ళినా పైన చెప్పిన జాగ్రత్తలే.

ఇల్లాలు ఇల్లు వదిలి ఒకరోజు ఉంటే ఇల్లేమైపోతుందని మనకు భయం. మేము తిరిగొచ్చేసరికి మా ఇంట్లో సింకునిండా గిన్నెలున్నాయి, పాలు విరిగాయి, మావారు రెండుపూటలా ఉప్మా చేసి అందరికీ పెట్టారు. అంతకంటే ఏమీ కాలేదు. మా అత్తగారు మాత్రం రాత్రి పడుకునేముందు పిలిచి, "నీళ్ళు బాగున్నాయా?" అని అడిగారు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపి, "గుడి దాకా బండి వెళ్తుందన్నావుగా, అక్కడినుంచి నాలాంటిది ఎంతదూరం నడవగలదు?" అన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి. పైదాకా వద్దుగానీ గుడి పక్కన ఏటి గట్టున కూర్చోవచ్చత్తయ్యా, అక్కడా నీటిచప్పుడు వినిపిస్తుందన్నాను. పోయిన ఏడు ఆవిడనూ తీసుకెళ్ళాం. సిద్ధేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టి, ఆ గట్టున రెండుగంటలు కూర్చున్నారు.

కోడళ్ళు ఇలాంటి కోరిక కోరినప్పుడు మొక్కుందా అని అడగకండని అత్తగార్లకు మనవి చేస్తున్నాను. వీలైతే మీరూ చెప్పులేసుకోండి. పిల్లల పరీక్షలూ, పత్తితీతలూ, మిరపకోతలూ ఏటా ఉంటాయి. వాటి మధ్యలోనే కార్తీకం వెళ్ళాక, సంక్రాంతి పనులు మొదలవకముందు ఒక రోజు చూసుకోండి. అప్పటికి కొండల్లో నీరు నిండుగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది. నలుగురు కలిసి వెళ్ళండి, నిశ్శబ్దంగా నడవండి, ఖాళీ చేతులతో రండి.